నాలుగో అధ్యాయం ఎవరికి

సారంగపాణి ఫోన్ చేసేసరికి రుహీ ఇంకా టిఫిన్ డబ్బా మూత తీయలేదు. గురువారం, మధ్యాహ్నం రెండున్నర. ఆ రోజుకు అది ఇరవై ఏడో ఫోన్.

“మేడం, వర్ధన్నపేట షుగర్ దవాఖాన నుంచి మాట్లాడుతాన. కంపౌండర్ సారంగపాణిని. మా పేషెంట్లందరు పోయిన్రు మేడం.”

రుహీ కుర్చీలో నిటారుగా కూర్చుంది. “పోయిన్రా? ఏమైంది సార్?”

“మనుషులు గాదు మేడం. కంప్యూటర్ల పేర్లు. ఆరు వందల పన్నెండు మంది ఉండాలె. సున్నా అని చూపెడుతాంది.”

హనుమకొండ నయీంనగర్‌లో ఒక స్టేషనరీ దుకాణం పైన, మూడు గదుల్లో నడిచే కంపెనీ వాళ్లది. చిన్న చిన్న క్లినిక్కులు రోగుల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు. యజమాని సుదర్శన్‌తో కలిపి ఆరుగురు. వాడేవాళ్లు ఫోన్ చేస్తే సమాధానం చెప్పడం రుహీ పని. నాలుగేళ్లుగా అదే చేస్తోంది. మొదట్లో ప్రతి ఫోన్‌లోనూ ఒక మనిషి వినిపించేవాడు. ఇప్పుడు చెప్పేది సగం విని, మిగతా సగం తనే ఊహించుకుని జవాబిచ్చేస్తోంది. సాయంత్రం మట్టెవాడలోని ఇంటికి చేరాక తల్లి పలకరించినా నోరు పెగలదు.

ఆమె తన కంప్యూటర్ నుంచే వర్ధన్నపేట కంప్యూటర్‌ను తెరిచి చూసింది. డేటాబేస్ ఉంది, అందులో ఏమీ లేదు. అది మంగళవారం ఉదయం పదకొండుంబావుకు కొత్తగా తయారైనట్టు కనిపించింది. జూన్ నుంచి ఉన్నదంతా ఆ నిమిషంలో చెరిగిపోయింది.

“బ్యాకప్ తీస్తున్నరా సార్?”

“ప్రతి శనివారం తీస్తాన మేడం. మాన్యువల్ల ఏ ఫోల్డర్ చెప్పిన్రో ఆ ఫోల్డరే పెన్‌డ్రైవ్ల కాపీ చేస్తాన. ఒక్క వారం తప్పలె.”

పెన్‌డ్రైవ్ పెట్టించి చూసింది. తేదీలు రాసిన ఇరవై ఫోల్డర్లు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటే తెరిచింది. అన్నిట్లోనూ ఒకే ఒక్క చిన్న ఫైల్ ఉంది. డేటా లేదు. నాలుగున్నర నెలలు ఆయన శనివారం శనివారం ఖాళీ ఫోల్డర్‌ను జాగ్రత్తగా దాచిపెట్టాడు.

సుదర్శన్ వచ్చి పక్కన కూర్చుని రెండు గంటలు తంటాలుపడ్డాడు. చివరికి కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకున్నాడు. “పాతది ఇగ రాదు. నువ్వే పో రుహీ. కాగితాల మీద ఉన్నయన్న ఎక్కియ్యాలె. మొహం చూపిచ్చినట్టు గూడ ఉంటది.”

శుక్రవారం పొద్దున ఆమె వరంగల్ బస్టాండులో తొర్రూరు బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది కానీ నిద్ర పట్టలేదు. రోడ్డుకు రెండు పక్కలా చేలల్లో ఆడవాళ్లు నడుముకు మూటలు కట్టుకుని పత్తి ఏరుతున్నారు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

దవాఖాన అంటే మెయిన్ రోడ్డు మీద రెండు గదులు. ఏదో ట్రస్టు నడుపుతుంది. డాక్టర్ రాజేశ్వర్ రావు వారానికి మూడు రోజులు వస్తాడు. మిగతా పనంతా సారంగపాణిదే. అరవై ఒక్కేళ్ల మనిషి. సర్కారు దవాఖానలో కంపౌండరుగా రిటైరయ్యాడు. రోజూ వరంగల్‌లో నేతవాళ్లుండే కొత్తవాడ నుంచి బస్సులో వచ్చిపోతాడు.

రుహీ గుమ్మం దగ్గరికి చేరేసరికి లోపల డాక్టర్ గొంతు వినిపిస్తోంది.

“మూడు రోజులైంది పోయి. నాకు నిన్న సాయంత్రం చెప్తవా? రిటైరై ఇంట్ల ఉండే వయసుల నీకెందుకయ్యా కంప్యూటర్ తోని ప్రయోగాలు? రేపు ట్రస్టోళ్లు అడిగితే ఏం చెప్పాలె నేను?”

బెంచీల మీద పదిమంది రోగులున్నారు. అందరూ వింటున్నారు. సారంగపాణి గోడకు ఆనుకుని నిలబడి చేతిలోని రిజిస్టరు అంచును సరిచేస్తున్నాడు.

డాక్టర్ తన గదిలోకి వెళ్లాక రుహీ తనెవరో చెప్పింది. ఆయన కుర్చీ తుడిచి వేశాడు. “మంగళారం, బుధారం ఎవ్వరికి చెప్పలె మేడం. మళ్ల వస్తయేమో అని చూసిన. కాగితాల మీద రాసుకుంట నడిపిచ్చిన. నిన్న ఇగ నాతోని గాలె.”

“అసలేం జరిగింది సార్, మొదటినుంచి చెప్పండి.”

ఆయన బల్ల సొరుగులోంచి మాన్యువల్ తీశాడు. కంపెనీ ఫైల్‌గా పంపిన దాన్ని ప్రింట్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించాడు. ప్రతి పేజీలో ప్రతి వాక్యం పక్కనా ఎర్ర పెన్నుతో టిక్కు ఉంది. నాలుగేళ్లలో ఆ మాన్యువల్‌ను అట్లా చదివిన మనిషిని రుహీ చూడలేదు. ఆమె కూడా అట్లా చదవలేదు.

“సోమారం కరెంటు పోయింది. మంగళారం పొద్దున కంప్యూటర్ పెడితే ‘డేటాబేస్‌తో కనెక్షన్ లేదు’ అని వచ్చింది. డేటాబేస్ గురించి ఎక్కడున్నదా అని చూస్తే నాలుగో అధ్యాయం కనవడ్డది. జూన్ల ఎక్కిచ్చినప్పుడు మూడో అధ్యాయంతోనే పని అయిపాయె, నాలుగు చెయ్యనే లేదు. అగో, ఇది విడిచిపెట్టినందుకే ఆగింది కావచ్చు అనుకున్న.”

కరెంటు పోయినప్పుడు ఆగిన డేటాబేస్‌ను మళ్లీ మొదలుపెడితే సరిపోయేది. కంప్యూటర్ ఒకసారి ఆపి పెట్టినా పని జరిగేది. ఆ ముక్క మాన్యువల్‌లో ఎక్కడా లేదు.

సంగతేమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్ రెండు దారుల్లో వస్తుంది. కంప్యూటర్లు బాగా తెలిసిన వాళ్లు దాని కోడ్ తెచ్చుకుని, తమకు కావలసినట్టు తామే కట్టుకుంటారు. వాళ్లకు డేటాబేస్ ఉండదు, చేత్తో తయారుచేసుకోవాలి. నాలుగో అధ్యాయం వాళ్లకోసం రాసింది. మిగతావాళ్లు తయారైన ప్యాకేజీ తీసుకుంటారు. దాన్ని నొక్కితే డేటాబేస్‌తో సహా అన్నీ అదే అమర్చుకుంటుంది. వాళ్లు నాలుగో అధ్యాయం ముట్టుకోకూడదు. అందులో మూడో కమాండు, రోగుల పేర్లుండే పాత పట్టికలను తీసేసి ఖాళీవి పెడుతుంది. బ్యాకప్ పేజీలో ఉన్న ఫోల్డర్ పేరు కూడా సొంతంగా కట్టుకున్నవాళ్లదే. ప్యాకేజీ వాళ్ల డేటా వేరే చోట ఉంటుంది. ఏది ఎవరికో ఎక్కడా రాసి లేదు.

రుహీ పేజీలు తిప్పుతూ ఆ మూడో కమాండు దగ్గర ఆగింది. అక్కడ టిక్కుకు ముందు ఒక ప్రశ్నార్థకం ఉంది. పక్కన సన్నని అక్షరాలు: ‘మనకు డేటాబేస్ ఇదివరకే ఉన్నది కదా? ఫోన్ చేసి అడిగిన. చేయమన్నరు.’

“ఎప్పుడడిగిన్రు సార్?”

“మంగళారమే. పదకొండు గొట్టంగ. ఎవరో మేడం ఎత్తింది.”

మంగళవారం ఫోన్ల దగ్గర రుహీ ఒక్కతే ఉంది. ఎప్పుడూ ఒక్కతే. ఆమె తన సెల్‌ఫోన్‌లో ఆఫీసు ఫోన్ల చిట్టా తెరిచి ఆ రోజుది చూసింది. పదకొండూ నాలుగు: వర్ధన్నపేట. మాట్లాడింది నలభై సెకన్లు. కింద తను టైపు చేసిందే: ‘మాన్యువల్‌లో ఉన్నట్టు చేయమని చెప్పాను. ముగిసింది.’

ఆ మనిషి ఏమడిగాడో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఒక్క ముక్కా గుర్తురాలేదు. ఫోన్ బోర్లా పెట్టింది. ఆ రోజు ఏమీ చెప్పలేదు.

పని మొదలైంది. షుగర్ రోగులందరి దగ్గరా చిన్న పుస్తకాలుంటాయి. వచ్చినప్పుడల్లా సారంగపాణి షుగరెంత, బీపీ ఎంత, ఏ మందు అనేది అందులోనూ రాసిచ్చేవాడు. ఆ పుస్తకాలే ఇప్పుడు దిక్కు. రిజిస్టరులో పేర్లు, కొందరి ఫోన్ నంబర్లు మాత్రమే ఉన్నాయి. ఆ నంబర్లకు ఫోన్లు చేశారు. పత్తి ఏరే రోజులు కాబట్టి పగటిపూట వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లూ విసుక్కున్నారు.

మొగిలమ్మ అనే ముసలామె ఇల్లంద నుంచి ఆటోలో వచ్చింది. పుస్తకం తేలేదు.

“పుస్తకం ఏదమ్మా?” అంది రుహీ.

“మేక తిన్నది బిడ్డా.”

“మేక తిన్నదా?”

“అట్ట తిని, లోపలి కాయితాలు సగం ఇడిసిపెట్టింది. మిగిలినయి పొయ్యిల వెట్టిన. మీ మిషిన్ల ఉన్నయి గద అనుకున్న.”

సారంగపాణి నవ్వబోయి ఆగిపోయాడు. “అమ్మా, పోయిన నెల షుగర్ ఎంత చెప్పిన్నో యాదికున్నదా?”

“రెండొందల ఎనభై అంటివి. బెల్లం చాయ బందువెట్టుమంటివి. బందువెట్టలె.”

ఆయన అది రాసుకుని, పక్కన ‘ఆమె చెప్పినది’ అని కూడా రాశాడు. తర్వాత సూది తీసి మళ్లీ పరీక్ష చేశాడు. మూడు వందల పది వచ్చింది.

శనివారం సాయంత్రానికి రెండు వందల పైచిలుకు పేర్లు ఎక్కాయి. ఆయన చదివితే ఆమె టైపు చేసింది, ఆమె వేళ్లు నొప్పి పుడితే ఆయన టైపు చేశాడు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. ఆయన నిలబడినప్పుడు మోకాలు పట్టేస్తోందని ఆమె గమనించింది.

బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డప్పుడు చెప్పింది.

“సార్, మంగళారం ఫోన్ ఎత్తింది నేనే. మీరడిగింది సరిగ్గ వినలె. మాన్యువల్ల ఉన్నట్టు చేయండి అని పెట్టేసిన.”

రెండు లారీలు పోయాయి. సారంగపాణి చేతిసంచి ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

“నేను అడిగింది గదే గద మేడం. ఉన్నదాని మీద మళ్ల చేస్తే ఏమన్న అయితదా అని. నాకు అనుమానమొచ్చింది. అనుమానమొచ్చి అడిగిన. అడిగినంక చేసిన. నలుగుర్ల మాట పడ్డది నేను.”

“అవును సార్.”

“సర్వీసుల ముప్పై నాలుగేండ్లు చేసిన. ఒక్క మందు తప్పు ఇయ్యలె. డాక్టర్ రాసింది అర్థంగాకపోతే నాలుగుసార్లు పోయి అడిగేటోన్ని, తిట్టినా అడిగేటోన్ని.”

బస్సు వచ్చింది. ఆయన ముందు ఎక్కి డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నాడు. ఆమె వెనక్కి వెళ్లి నిలబడింది. వరంగల్ చేరేదాకా ఆయన తిరిగి చూడలేదు.

ఆదివారం కంపెనీకి సెలవైనా సుదర్శన్ ఆఫీసులోనే ఉంటాడని రుహీకి తెలుసు. వెళ్లి జరిగిందంతా చెప్పింది.

“అన్నా, వాళ్లకు ఉత్తరం రాసియ్యాలె. తప్పు కంపౌండర్ సారుది గాదు, మాదే అని. లేకుంటే ఆయన పని పోతది.”

“కంపెనీ పేరు మీద అట్ల రాసిస్తే తొంభై దవాఖానలు ఉన్నయి, అందరు లేస్తరు రుహీ. నేనియ్య.” సుదర్శన్ కోప్పడలేదు. అలసిపోయిన ఆయన ముఖంలో కోపానికి కూడా చోటులేదు. “ఆ మాన్యువల్ రాసినప్పుడు నేనొక్కన్నే ఉంటి. ప్యాకేజీ అనేదే లేకుండె. వాడేటోళ్లు నలుగురు, అందరు ఇంజినీర్లే. తర్వాత ప్యాకేజీ చేసి, దాని గురించి మూడో అధ్యాయం నడుమ చొప్పించిన. నాలుగోది సర్దుదాం సర్దుదాం అనుకుంటనే ఐదేండ్లాయె.”

“నేను సర్దుత. రేపటినుంచి పది రోజులు నాకు ఫోన్లు వద్దు.”

“ఫోన్లెవరు ఎత్తుతరు?”

“నువ్వు ఎత్తు అన్నా. ఏమడుగుతాన్రో నీకు గూడ తెలుస్తది.”

ఆయన ఒప్పుకున్నాడు. ఉత్తరం మాత్రం ఇవ్వలేదు.

రుహీ తెల్లకాగితం తీసుకుని, తన పేరుతోనే రాసింది. మంగళవారం సారంగపాణి ముందుగా ఫోన్ చేసి అడిగాడనీ, తాను సరిగ్గా వినకుండా తప్పు సమాధానం చెప్పాననీ, మాన్యువల్‌లో ఆ అధ్యాయం ఎవరికోసమో రాసి లేదనీ, బ్యాకప్ ఫోల్డర్ పేరు కూడా తప్పు దారి చూపిందనీ. కింద సంతకం పెట్టింది. సోమవారం డాక్టర్ చేతికిచ్చింది.

రాజేశ్వర్ రావు రెండుసార్లు చదివాడు. “ఇది నాకిస్తే నీ ఉద్యోగం ఉంటదా?”

“తెల్వది సార్.”

“పేషెంట్లకు ఏమన్న అయితే ఎవరు జవాబుదారి? నువ్వా, మీ కంపెనీయా?”

ఆయన కాగితం మడిచి సొరుగులో పెట్టుకుని, తర్వాతి రోగిని పిలవమన్నాడు. 

మధ్యాహ్నం సారంగపాణి ఆమె బల్ల మీద చాయ గ్లాసు పెట్టాడు. “డాక్టర్ సారు తెప్పిచ్చిండు. నాకు గూడ. సారీ గిట్ల ఏమనలె. ట్రస్టోళ్లకు ఫోన్ చేసి, కంపౌండర్ తప్పు లేదని మాత్రం చెప్పిండు. నేను విన్న.” కాస్త ఆగి, “చాయ తాగు బిడ్డా, చల్లగైతాంది,” అన్నాడు. ఆమెను బిడ్డా అనడం అదే మొదటిసారి.

కొత్త పేజీలు రాయడానికి ఆమెకు వారం పట్టింది. పన్నెండు పేజీలు. రాసినవి సుదర్శన్‌కు చూపిస్తే అంతా బాగుందన్నాడు. ఆయనకు అన్నీ ముందే తెలుసు కాబట్టి బాగానే ఉంటుంది. అందుకని ఖాళీ లాప్‌టాప్ ఒకటి, ప్రింట్ తీసిన పేజీలు పట్టుకుని మళ్లీ వర్ధన్నపేట వెళ్లింది.

“సార్, మీరు చదువుకుంట ఎక్కియ్యండి. నేను నోరు తెరవ. మీరు ఎక్కడ ఆగుతరో రాసుకుంట.”

సారంగపాణి ఎర్ర పెన్ను మూత తీశాడు. మొదటి పేజీలోనే ఆగాడు.

“‘సెల్ఫ్ బిల్ట్ వాళ్లు నాలుగో అధ్యాయం చూడండి’ అన్నవు. సెల్ఫ్ బిల్ట్ అంటే సొంతంగ చేసుకునుడే గద? జూన్ల నేను ఎవ్వరి సాయం లేకుంట సొంతంగనే ఎక్కిచ్చిన. అప్పుడు నాది సెల్ఫ్ బిల్టే గద?”

రుహీ ఆ మాట కింద గీత గీసింది. వారం రోజులు ఆ మాట చుట్టూనే రాసింది. ఆయన మళ్లీ నేరుగా ఆ నాలుగో అధ్యాయంలోకే పోయేవాడు.

“మగ్గం బిగించి, పడుగెక్కించి ఇచ్చినంక మళ్ల మగ్గం గుంత తవ్వుమన్నట్టున్నది బిడ్డా. బిగించిన మగ్గం తెచ్చుకున్నోడెవడో, కట్టె కొయ్య తెచ్చి బిగించుకునేటోడెవడో వేరువేరు చెయ్యి. మా కొత్తవాడల ఎవరినడిగినా ఆ తేడా చెప్తరు. మీ మాటలతోనే తికమక.”

ఇంకో ఆరు చోట్ల ఆగాడు. అయిదో పేజీలో వేలు పెట్టి చూపించాడు. “గిదొకటి. ముందుగాల ‘డేటాబేస్ తయారు చేయండి’ అన్నవు. కింద లైన్ల ‘ఇదివరకే ఉంటే అవసరం లేదు’ అన్నవు. ఆ కింది లైను కాడికి వచ్చేవరకు నేను చేసేస్త గదా.”

ఆమె చెప్పినట్టే నోరు తెరవలేదు. అన్నీ రాసుకుంది. తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అయినవోలు దాటేలోపే ఆయన నిద్రపోయాడు.

చివరికి మొదటి పేజీలో మిగిలింది ఇది:

‘ఏ పనీ మొదలుపెట్టకముందు ఇది చూసుకోండి. సెటప్ అనే ఫైల్ మీద నొక్కితే సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్‌లోకి ఎక్కిందా? అయితే మీ డేటాబేస్ ఇప్పటికే తయారై ఉంది. నాలుగో అధ్యాయం మీకోసం కాదు. అందులోది ఏదీ చేయవద్దు, చేస్తే రోగుల వివరాలు చెరిగిపోతాయి. కనెక్షన్ లేదని వస్తే ముందు కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టండి. సెటప్ ఫైల్ లేకుండా కోడ్ తెచ్చుకుని ఇంజినీరు చేత కట్టించుకున్నారా? మీరు మాత్రమే నాలుగో అధ్యాయానికి వెళ్లండి.’

బ్యాకప్ పేజీని రెండుగా విడగొట్టింది. కాపీ చేశాక ఫోల్డర్ తెరిచి లోపల ఏముండాలో, ఎంత పరిమాణం ఉండాలో కూడా రాసింది. పది రోజులు ఫోన్లెత్తిన సుదర్శన్ తనే ఆ మూడో కమాండును మార్చాడు. అది ఇప్పుడు లోపల పేర్లుంటే ఆగిపోతుంది.

కొత్త మాన్యువల్ తొంభై చోట్లకూ వెళ్లింది. అందిందని నలుగురు బదులిచ్చారు. మిగతావాళ్లు చదివారో లేదో తెలియదు. రుహీ మళ్లీ ఫోన్ల దగ్గర కూర్చుంది. ఉద్యోగం పోలేదు, పని తగ్గలేదు. అవతలివాళ్లు అడిగిన ప్రశ్నను ఒకసారి తిరిగి వాళ్లకే చెప్పి, “ఇదే గద మీరడిగేది?” అనడం మాత్రం మొదలుపెట్టింది. దాంతో ఒక్కో ఫోన్‌కూ ఇంకో నిమిషం పడుతోంది. సాయంత్రానికి ఇంకాస్త ఎక్కువ అలసిపోతోంది.

ఆరు వందల పన్నెండు మందిలో ఐదు వందల డెబ్బై ఒక్కరి వివరాలు తిరిగి ఎక్కాయి. మిగిలిన నలభై ఒక్కమంది పేర్లు సారంగపాణి కాగితం మీద రాసి బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. శనివారాలు రుహీ తనే ఫోన్ చేస్తుంది.

“ఈ వారం ఎవరన్న వచ్చిన్రా సార్?”

“ఇద్దరి జాడ తెలిసింది. ఒకాయన సూరత్‌కు పోయిండట, నంబర్ తెచ్చుకున్న. ఇంకొకామె వచ్చింది, పుస్తకం దొరకలేదట, మళ్ల మొదటినుంచి రాస్తాన.”

“బ్యాకప్?”

“తీసిన. తెరిచి చూసిన. ఉన్నయి.”

ఆమె ముందున్న ఇంకో ఫోన్ మోగుతోంది. “ఉంట సార్,” అని పెట్టేసి, దాన్ని ఎత్తింది.